సాపు చేసిన నడక

నాలుగో అంతస్తు,
రైలు పట్టాల వైపు గది.

సాపు విభాగం మాజీ అధికారిణి గారికి,

లైటు బల్ల మీద అరచెయ్యి ఆన్చి నాకు మాటిచ్చావు, గుర్తుందా? అద్దం కింద బల్బు వెలుగుతుంటే నీ వేళ్ళు ఎర్రగా కనబడ్డాయి. "నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చేదాకా ఈ దృశ్యం మీద ఇంకో పెన్సిలు పడదన్నయ్యా. నువ్వు వంకరగా వదిలింది వంకరగానే సాపు చేస్తాను" అన్నావు. నమ్మాను. దగ్గుకుంటూ వెళ్ళి ఊపిరితిత్తుల వార్డులో పడుకున్నాను. తిరిగొచ్చి చూస్తే వంకర లేదు. ఇస్త్రీ చేసినట్టుంది.

ఇన్నేళ్ళూ కలం కదపనివాడు ఇప్పుడెందుకు కదిపాడని అనుకుంటావేమో. పాత ఫిల్ములు భద్రపరిచే లైబ్రరీ నుంచి ఒకావిడ వచ్చింది. మన బొమ్మల సినిమాకి దుమ్ము దులిపి కొత్త ప్రింటు తీస్తున్నారట. మాటల్లో మాటగా, "మీ చిత్తు బొమ్మలు మీ చెల్లెలుగారి దగ్గర ఉన్నాయట కదా. అవి ఇస్తే ఆ నడక దృశ్యాన్ని మీరు గీసినట్టే మళ్ళీ ఫోటో తీసి అతికిస్తాం" అంది. కొత్త కాగితం మీద శుభ్రంగా గీసి సాపు చేశాక చిత్తు కాగితాలు పొయ్యిలోకి పోవడం మన స్టూడియో ఆనవాయితీ. అవీ అలాగే పోయాయని నేను ఎప్పుడో ఏడ్చి ఊరుకున్నాను.

ఆ నడకలో అంత ఏముందని ఆవిడే అడిగింది. చెప్పాను. సినిమా చివర ఒక తల్లి నీళ్ళ బేసిను నడుముకి ఆన్చుకుని, పొడుగాటి వరండా దాటి, తలుపు తీయడానికి వెళ్తుంది. మాటల్లేవు, సంగీతం లేదు, నడక ఒక్కటే. ఆ నడక మా అమ్మదండీ, స్టూడియో వెనక గదిలో తొట్టి దగ్గర పనిచేసేది, కుడికాలు పుట్టుకతోనే పొట్టి అన్నాను. "మరి సినిమాలో ఆవిడ కుంటడం లేదే" అంది. అదే కదా నా బాధ అన్నాను.

నిన్ను ఆ పని చెయ్యమన్నది ఎవరో నాకు తెలుసు. మన దర్శకుడు పొగబండి. నోట్లో సిగరెట్టు లేనిదే దృశ్యం ఒప్పుకోని ఆ మహానుభావుడికి కుంటి తల్లి తెర మీద అందంగా కనబడలేదు. ఆయన కన్ను గీటాడు, నువ్వు రబ్బరు తీశావు. తర్వాత సాపు విభాగం కుర్చీ ఎవరికి దక్కిందో అందరికీ తెలుసు.

నాకు క్షమాపణలు అక్కర్లేదు. చిత్తు కట్ట పంపు. నేను చదివిన నవలల్లో ముసలివాళ్ళు చివరి అధ్యాయంలో అందర్నీ క్షమించేస్తుంటారు. నా ప్రతిలో ఆ కాగితాలు కుట్టలేదు.

నీ అన్న (ఒకప్పుడు)


కుట్టుమిషన్ల దుకాణం పైన,
వెనక వాటా.

అన్నయ్యా,

ఇన్నేళ్ళకి ఉత్తరం రాశావు, అదీ అధికారిణి గారికి! చేతిరాత చూడగానే నీదేనని తెలిసింది. గీత చివర ఇప్పటికీ పెన్సిలు ఎత్తేసే ముందు కాస్త విసురుతావు. నీ రెండు బొమ్మల నడుమ కదలికకి మధ్య బొమ్మలు గీసేవాళ్ళం ఆ విసురుని పట్టుకోలేక నిన్ను ఎన్ని తిట్లు తిట్టుకునేవాళ్ళమో.

కట్ట నా దగ్గరే ఉంది. అమ్మ పోయేదాకా పడుకున్న మంచం మీద పరుపు కింద, రెండు అట్టల మధ్య. కాగితాలు ముడత పడకుండా ఉండాలంటే అంతకంటే మంచి చోటు ఇంట్లో లేదు. అమ్మకి తెలియకుండానే పెట్టాను. దుప్పటి మార్చేది నేనే కాబట్టి తెలిసి ఉండదనే అనుకుంటున్నాను.

పంపను. ఆ దృశ్యం ఉన్నట్టే ఉండనీ. లైబ్రరీ ఆవిడ దగ్గర నేను నోరు జారాను, అది నా బుద్ధి తక్కువ.

దగ్గు ఎలా ఉంది? నాకు ఎడమ కన్ను మసక. దారం ఎక్కించడానికి కింద దుకాణం ఆయన్ని పిలుస్తున్నాను. ఆయన ప్రతిసారీ "ఇంత సూక్ష్మంగా బొమ్మలేసిన చేతులా ఇవి?" అని దెప్పుతాడు.

చెల్లెలు


రైలు పట్టాల వైపు గది.

రబ్బరమ్మ గారికి,

పంపనన్నావు. నీ సొత్తు అయినట్టు!

ఆ నడక నేను ఎలా గీశానో నీకు తెలియదు కాబట్టి అంత తేలిగ్గా అనగలిగావు. స్టూడియో నడవా చివర నా బల్ల. ఫోటో తీయడం అయిపోయిన సెల్లులన్నీ, అంటే బొమ్మలకి రంగులు పూసిన ఆ పల్చటి పారదర్శకమైన షీట్లన్నీ, అమ్మ తొట్టిలోకే వచ్చేవి. నానబెట్టి, రంగు వదిలించి, తుడిచి, మళ్ళీ కొత్త బొమ్మలకి ఇచ్చేది. మనం తలలు పగలగొట్టుకుని గీసిన రాజులూ గుర్రాలూ మబ్బులూ అన్నీ అమ్మ చేతిలో కరిగి బురద రంగు నీళ్ళయ్యేవి. "మీ రాజుగారికి జిడ్డెక్కువరా, వదలట్లేదు" అనేది. కడిగిన వాటిని బేసినులో పెట్టుకుని, బేసిను కుడి నడుముకి ఆన్చుకుని, నా బల్ల ముందు నుంచే రంగుల గదికి వెళ్ళేది.

రోజూ చూశాను. ఎడమకాలి మీద నిలబడినంతసేపు తొందర ఉండదు. కుడికాలి వంతు వచ్చేసరికి కాలిన నేల మీద అడుగేసినట్టు తాకించి తీసేస్తుంది. ఒక అడుగు నిదానం, ఒక అడుగు గబుక్కున. భుజం దిగి లేస్తుంది. మెడ మాత్రం వంగదు, ఎవరో చూస్తున్నట్టు తిన్నగా ఉంటుంది. ఆ మెడ కోసం ఎన్ని కాగితాలు చింపానో! కట్టని వేళ్ళ మధ్య ఆడించి చూస్తే చివరికి ఒకనాడు కాగితం మీద అమ్మ నడిచింది. నేను జీవితంలో ఒక్కటే బొమ్మ గీశాను. మిగతావన్నీ ఉద్యోగం.

నువ్వేం చేశావు? నిదానపు అడుగునీ గబుక్కున వేసే అడుగునీ సరిసమానం చేశావు. ఎడమకీ కుడికీ మధ్య కొలబద్ద పెట్టి మధ్య బొమ్మలు వేశావు. కొత్తగా చేరినవాళ్ళు కూడా చెయ్యని తప్పు! ప్రదర్శన రోజున మొదటి అడుగులు చూడగానే లేచి బయటికొచ్చేశాను. ఆ తర్వాత మన సినిమా మళ్ళీ చూడలేదు. పత్రికలో సమీక్ష రాసే ఆ పండితుడు మాత్రం "ఆ మాతృమూర్తి గమనంలో దివ్యత్వం తొణికిసలాడింది" అని రాశాడు. గాడిద గుడ్డు. పెన్సిలు ఏ కొసన చెక్కాలో తెలియనివాడు.

ఆ నెలే పని మానేశాను. తర్వాత నా చెయ్యి సబ్బు అట్టపెట్టెల మీద పువ్వులేసుకుంటూ బతికింది. అవి కదలవు, కాబట్టి వాటిని ఎవరూ సాపు చెయ్యరు.

లైబ్రరీ వాళ్ళు వానలు వెలిసేదాకా ఆగుతామన్నారు. ఆ తర్వాత ప్రింటు తీసేస్తారు. అప్పుడు నీ ఇస్త్రీ నడకే శాశ్వతంగా మిగులుతుంది. నువ్వు కోరేది అదే అయితే, సూటిగా రాయి.


వెనక వాటా.

అన్నయ్యా,

తిట్టడంలో నీ చెయ్యి ఏమాత్రం తడబడలేదు, సంతోషం.

ఒక్క విషయం సరిచెయ్యాలి. పొగబండి నన్ను కుంటడం తీసెయ్యమనలేదు. ఉంచమన్నాడు. నేను తీసేశాక నెల్లాళ్ళు నా మొహం చూడలేదు. కుర్చీ సంగతంటావా, సాపు పెద్దాయనకి చూపు పోయాక ఆ గదిలో మిగిలిన పాత మనిషిని నేనొక్కదాన్నే. అంతకు మించి అందులో రహస్యం లేదు.

నువ్వు ఆసుపత్రిలో ఉండగా ఆ దృశ్యానికి పెన్సిల్ టెస్టు వేశారు. నీ చిత్తు బొమ్మలే ఫోటో తీసి, చిన్న హాల్లో అందరికీ చూపించారు. అది నువ్వు చూడలేదు, నేను చూశాను. ఇంతకంటే అడక్కు.

వానకి ఇల్లంతా చెమ్మ. కట్టని పరుపు కింద నుంచి తీసి, ఎండపొడ తగిలే చోట పెట్టి, మళ్ళీ పెట్టాను. కాగితాల అంచులు పసుపెక్కాయి. నీ గీత మాత్రం నల్లగా అలాగే ఉంది.


రైలు పట్టాల వైపు గది.

అమ్మాయ్,

పొగబండి కాదన్నావు. మంచిది. నా కోపాల చిట్టాలో పై పేరు కొట్టేశాను. మరి ఇంకెవరు?

రెండు రోజులు ఆలోచించాను. నాకు ఒక్కటే తోచింది. నీకు సిగ్గేసింది. నలుగురిలో మన అమ్మ కుంటుతూ కనబడితే నీకు తల కొట్టేసినట్టయింది. అప్పటికే రంగుల గదిలో ఎవడో నీ చుట్టూ తిరుగుతున్నాడని విన్నాను. వాడి ముందు తొట్టి ఆవిడ కూతురివి కాకూడదనుకున్నావు. అవునా, కాదా?

కాదంటే కాదని రాయి. ఉత్తరం రాకపోతే అవునని అర్థం చేసుకుంటాను. నాకు ఇంకో ఇన్నేళ్ళు కోపంగా ఉండే ఓపిక లేదు. ఉన్న కోపమైనా ఎవరి మీదో తెలుసుకుని పోవాలి.


వెనక వాటా.

అన్నయ్యా,

నువ్వన్న మాట చదివి ఉత్తరం మడిచి పక్కన పెట్టాను. రెండు రోజులు వంట కూడా సరిగ్గా చేసుకోలేదు. ఆ రంగుల గది మనిషి సంగతి చెప్తాను ముందు. అతను నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. నేనే వద్దన్నాను. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది.

పెన్సిల్ టెస్టు వేసే రోజున అమ్మని తొట్టి దగ్గర నుంచి నేనే లాక్కొచ్చాను. "రావే అమ్మా, అన్నయ్య నిన్ను గీశాడు, చూద్దువుగాని" అన్నాను. "చేతులు తడి, నన్నెవరు రానిస్తారే" అంది. పైటకి తుడుచుకుని హాలు తలుపు దగ్గర నిలబడింది. లైట్లు తీశారు. తెర మీద రంగు లేదు, ఒళ్ళు లేదు, ఒట్టి గీతలు. ఆ గీతలు బేసిను పట్టుకుని నడిచాయి. పక్కకి తిరిగి చూస్తే అమ్మ నోరు తెరుచుకుని నవ్వుతోంది, చిన్నపిల్లలా.

ముందు వరసలోంచి ఒకడు అరిచాడు, "ఒరేయ్, మన తొట్టి ఆవిడరా!" ఇంకొకడు అడుగుకి తగ్గట్టు నాలుకతో చప్పుడు మొదలెట్టాడు. టక్కు, టిక్కు. టక్కు, టిక్కు. ఇంకొకడు చప్పట్లు. హాలంతా తాళం వేసింది. ఎవరూ చెడ్డవాళ్ళు కాదన్నయ్యా, మన అన్నం డబ్బాల్లో చెయ్యి పెట్టి తిన్నవాళ్ళే. పొగబండి కళ్ళు తుడుచుకుంటూ, "ఉంచండి, ఉంచండి, అలాగే ఉంచండి. జనం పడీ పడీ నవ్వుతారు!" అన్నాడు. అమ్మ తలుపు దగ్గర ఉందని వాళ్ళకి తెలియదు.

లైట్లు వేసేసరికి అమ్మ లేదు. వెళ్ళి చూస్తే తొట్టి దగ్గర ఒక సెల్లు కడుగుతోంది. దాని మీద రంగే లేదు, ఎప్పుడో కడిగేసిందే.

"ఏమ్మా?"

"ఏం లేదే. వాడు ఎంత బాగా గీశాడు! అచ్చం నాలాగే." సెల్లు మళ్ళీ నీళ్ళలో ముంచి, "అంత నాలాగే గీయక్కర్లేదు" అంది.

నేను ఆ సెల్లు తీసుకుని పక్కన పెట్టాను.

"బజార్లో కుంటుతున్నాను, ఇంట్లో కుంటుతున్నాను. సినిమాలో కూడా నేను కుంటాలా? అక్కడైనా తిన్నగా నడవనివ్వు. నీ చేతిలో పనే కదా?"

"అన్నయ్యకి మాటిచ్చానమ్మా."

"నాకూ ఇవ్వు. వాడికంటే ముందు పుట్టినదాన్ని."

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. "అన్నయ్యకి ఏం చెప్పను?" అంటే మాత్రం చెయ్యి పట్టుకుంది. ఆ తడి చెయ్యి. "వాడికి చెప్పకు. వాడు ప్రేమగా గీశాడు. నేను దాన్ని చూసి ఏడ్చానని తెలిస్తే మళ్ళీ పెన్సిలు ముట్టుకోడు. నేను పోయాకైనా సరే, చెప్పకు" అంది.

అదీ జరిగింది. నీ కట్ట పక్కన పెట్టి, కొత్త కాగితాలు లైటు బల్ల మేకులకి తగిలించి, అమ్మని తిన్నగా నడిపించాను. దర్శకుడితో, ఈ నడకకి మధ్య బొమ్మలు కుదరట్లేదని అబద్ధమాడాను. అమ్మ మాట విన్న పాపానికి నా అన్న పోయాడు. రంగుల గది మనిషి సంగతి ఇక చెప్పక్కర్లేదుగా. ఆ రోజు హాల్లో మొదట నాలుకతో చప్పుడు చేసింది అతనే.

నీకిచ్చిన మాట అప్పుడే తప్పాను. అమ్మకిచ్చిన మాట ఇప్పుడు తప్పుతున్నాను. సిగ్గేసిందా అని అడగకపోతే ఇదీ రాసేదాన్ని కాదు.

కట్ట కింద దుకాణం ఆయన చేత పంపిస్తున్నాను. లైబ్రరీకి ఇస్తావో, ఇవ్వవో నీ ఇష్టం. ఇచ్చేముందు ఒక్కసారి ఆ దృశ్యం చివరిదాకా కూర్చుని చూడు.

చెల్లెలు


రైలు పట్టాల వైపు గది.

చెల్లీ,

కట్ట చేరింది. దుకాణం ఆయన మెట్లెక్కి ఆయాసపడుతూ, "ఇది పట్టుకుని బస్సులో నిలబడే వచ్చానండీ, కూర్చుంటే వంగుతుందని మీ చెల్లెలుగారు ఒట్టేయించుకున్నారు" అన్నాడు. నీకు ఒట్లంటే ఇంకా మోజు తీరలేదన్నమాట.

అట్టలు విప్పాను. అన్నేళ్ళు అమ్మ బరువు మోసిన కాగితాలు, పలకల్లా ఉన్నాయి. వేళ్ళ మధ్య పెట్టి ఆడించాను. నా వేళ్ళు ఇప్పుడు కొంచెం తడబడుతున్నాయి, అయినా నడిచింది. భుజం దిగింది, లేచింది. మెడ తిన్నగా ఉంది. ఇంతకంటే బాగా నేనే కాదు, ఇంకెవరూ గీయలేరు. ఈ మాట గొప్పకి అనడం లేదు, లెక్క చెప్తున్నాను.

కానీ రెండోసారి ఆడిస్తుంటే నాకూ వినబడింది. టక్కు, టిక్కు. మూడోసారీ అంతే. ఆ వెధవలు అంత దూరం నుంచి వచ్చి నా కాగితాల్లో కూర్చున్నారు. ఇక ఆడించలేదు.

లైబ్రరీకి వెళ్ళాను. చిన్న గది, నాలుగు కుర్చీలు, ఆవిడా నేనూ. నువ్వు చెప్పినట్టే చివరిదాకా కూర్చున్నాను. అమ్మ తిన్నగా నడిచింది. కుడికాలూ ఎడమకాలూ రెండూ ఒక్కటే. నాకు ఒళ్ళు మండింది. అప్పుడు చూశాను ఆ బొమ్మ ఎడమ చెయ్యి. ఖాళీ చెయ్యి. కుడి అడుగు పడ్డప్పుడల్లా గాలిలోకి తెడ్డులా లేస్తోంది. బేసిను బరువు కోసమని చూసేవాళ్ళు అనుకుంటారు. ఆ పండితుడూ అదే అనుకుని ఉంటాడు. కానీ బేసిను బరువుకైతే చెయ్యి అలాగే చాచి ఉండిపోవాలి, అడుగు విడిచి అడుగుకి ఎగరక్కర్లేదు. కాలు పొట్టి అయిన మనిషికే చెయ్యి అలా ఎగురుతుంది. అది నా గీతే. చివర విసురు కూడా నాదే. కాలు సాపు చేసి, చెయ్యి వదిలేశావు. అమ్మ పట్టుకోలేకపోయింది, పొగబండి పట్టుకోలేకపోయాడు. ఆ రోజు నేను చూసింది కాలొక్కటే.

ఆవిడ లైటు వేసి, "చిత్తు బొమ్మలు తెచ్చారా?" అంది. అవి నా చంకలోనే ఉన్నాయి. "దొరకలేదండీ. అయినా సాపు బాగానే చేశారు, ఇందులో వేలు పెట్టను" అన్నాను. ఆవిడ నన్ను పిచ్చివాడిలా చూసింది. ఈ వయసులో ఆ చూపులు నాకు అలవాటే.

ఆదివారం వచ్చి కట్ట ఇస్తాను. ఆ పరుపు కిందే పెట్టు. ఇదివరకు నేను అమ్మని చూడ్డానికి వచ్చే ఆదివారాల్లో సంచి పట్టుకుని బజారుకి పోయేదానివి. ఈసారి పోకు. ఒక్క కంటితోనైనా సరే, నేను ఎంత ముసలాణ్ణయ్యానో చూద్దువుగాని.

కానీ నేను మెత్తబడ్డానని మాత్రం అనుకోకు. చిట్టా ముందు పెట్టుకుని కూర్చున్నాను. పొగబండి ఒట్టి తెలివితక్కువవాడు, కొట్టేశాను. నాలుకతో చప్పుడు చేసినవాడికి నువ్వు దక్కకపోవడమే చాలిన శిక్ష, కొట్టేశాను. పండితుణ్ణి కొట్టెయ్యను కానీ, వాడు లెక్కలోకి రాడు. నీ పేరు గట్టిగా కొట్టేశాను, కాగితం చిరిగింది.

ఇంకో పేరు మిగిలింది. ఎన్ని ఆదివారాలు ఆవిడ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను! "నీ కూతురు నా గొంతు కోసింది" అని ఎన్నిసార్లు ఆవిడ మొహం మీదే అన్నాను! కూర వడ్డిస్తూ "ఉప్పు సరిపోయిందా?" అనేది. నేను పెన్సిలు వదిలేస్తానని కదా దాచింది? వదిలేశాను. వదిలేశానని చూసింది. సబ్బు పెట్టెల మీద పువ్వులు చూసి బాగున్నాయిరా అంది. అప్పుడైనా నోరు విప్పచ్చు. పెన్సిలూ పోయింది, చెల్లెలూ పోయింది, ఇంక ఏం మిగిలిందని దాచింది? "ఒరేయ్, నన్ను తిన్నగా నడిపించరా" అని నన్నే అడిగి ఉంటే, ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఆ కాలు నేనే చెరిపేవాణ్ణి. రాజుల్నీ గుర్రాల్నీ కడిగేసిన మనిషికి, మన ఇద్దరి మధ్య ఈ మరక కడగడానికి ఒక్క మాట బరువైంది.

సినిమాలో తిన్నగా నడిచింది కదా, నడవనీ. అక్కడ నేను అడ్డుపడను. కానీ నేను ఇవాళ్టికీ తప్పుపట్టేది ఎవర్నని ఎవరైనా అడిగితే, నాకు ఆలోచించే పని లేదు.

అమ్మని.